తినే కాయలిచ్చే మడ చెట్టు: కళింగను గింజ నుంచి ఎలా పెంచాలి?

మడ చెట్లు తుఫానుకి అడ్డం నిలుస్తాయని, రొయ్యలకీ పీతలకీ చోటిస్తాయని అందరికీ తెలుసు. వాటిలో ఒకదాని కాయలతో పచ్చడి చేసుకోవచ్చంటే మాత్రం చాలామంది నమ్మరు. అదే కళింగ, శాస్త్రీయ నామం సొన్నరేషియా అపెటాలా. గోదావరి, కృష్ణా మడల్లో మనకీ ఉంది గానీ, వంటలోకి బాగా తెచ్చుకున్నది బెంగాల్ తీరంలోని సుందరబన్స్ మడ అడవుల జనం. అక్కడ కేవడా అంటారు. బిర్యానీలో వేసే కేవడా మొగలి పువ్వుది, అది వేరు.

పెంచేముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. దీనికి ఉప్పు కావాలని కాదు, ఉప్పుని తట్టుకుంటుంది అంతే. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఇది హాయిగా పెరిగేది అందులో సగం కూడా లేని చోట, అంటే నది నీళ్ళు వచ్చి కలిసే ఏటి ఒడ్డున, మెత్తటి ఒండ్రులో, నేరుగా ఎండ పడే చోట.

కాయలు ఆగస్టు నుంచి అక్టోబరు లోపు పండుతాయి. పండినా ఆకుపచ్చగానే ఉంటాయి, గోళీకంటే కాస్త పెద్దగా, అడుగున నాలుగు రెక్కల తొడిమ, కొసన సూదిలాంటి మొన. కింద రాలినవి ఏరుకోండి. కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవి 1978 నుంచి అభయారణ్యం, అక్కడ అనుమతి లేకుండా ఏరకూడదు.

ఏరిన కాయల్ని కుప్పపోసి తడి గోనె కప్పి వారం రోజులు వదిలేస్తే గుజ్జు మెత్తబడుతుంది. బకెట్ నీళ్ళలో వేసి చేత్తో పిసకండి, వేళ్ళ మధ్య జారిపోతూ వంకర టింకరగా చిన్న చిన్న గింజలు వస్తాయి, ఒక్కో కాయలో పదుల కొద్దీ. వాటిని ఎండబెట్టి దాచకండి, అప్పటికప్పుడే చల్లేయాలి.

నారుమడికి సన్నటి ఒండ్రు చాలు. గింజల్ని లోతుగా కప్పొద్దు, వెలుతురు తగలాలి. మొదట్లో మంచినీళ్ళే పెట్టండి, మొలక దశలో ఉప్పు ఎక్కువైతే అసలు లేవవు. నాలుగైదు ఆకులు వేశాక పాలిథిన్ సంచుల్లోకి మార్చి, అప్పుడు కొంచెం కొంచెంగా ఏటి నీళ్ళు అలవాటు చేయండి.

నాటడం మరుసటి వానాకాలంలో, మొక్క మోకాలెత్తు వచ్చాక. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే, ఎందుకంటే నీళ్ళున్న చోటల్లా మడ మొక్క బతుకుతుందనుకుంటారు. పోటుకి నీళ్ళెక్కి, ఆటుకి పూర్తిగా దిగిపోయే చోటే కావాలి. ఈ చెట్టు వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి, నీళ్ళు రోజుల తరబడి నిలిచిపోతే వేళ్ళకి ఊపిరాడక చెట్టు చచ్చిపోతుంది. మొక్కకీ మొక్కకీ నాలుగైదు అడుగుల ఎడం ఇవ్వండి. పోటు తగిలే భూమి మీ సొంతమైనా సరే, ముందు అటవీ శాఖని అడగండి, కాలవలు మీ అంతట మీరు తవ్వకండి.

మొదటి రెండేళ్ళు గేదెలు మేయకుండా చూడాలి, దీని ఆకంటే పశువులకి ప్రాణం, సుందరబన్స్‌లో జింకలకీ ఇదే మేత. కాండం తొలిచే పురుగు కూడా వస్తుంది, రంధ్రాలు కనబడిన మొక్కని జాగ్రత్తగా గమనిస్తూ ఉండండి. చాలా వేగంగా ఎదిగే చెట్టు ఇది, అందుకే బంగ్లాదేశ్ 1960ల నుంచి తీరమంతా దీన్నే ఎక్కువగా నాటింది. 1985లో చైనాకి తీసుకెళ్తే అక్కడి మడ చెట్ల చోటు కూడా ఆక్రమిస్తోందని ఇప్పుడు గొడవ. కాబట్టి ఇది సహజంగా లేని తీరాల్లో నాటకండి.

కాయలు చేతికొచ్చాక ఉడకబెట్టి, గింజ తీసేసి, గుజ్జులో బెల్లం, ఉప్పు, ఎండుమిరపకాయలు వేసి దగ్గరపడేదాకా ఉడికించి ఆవాల తాలింపు పెట్టండి. పుల్లగా, చివర్లో కాస్త వగరుగా ఉంటుంది. చింతపండు బదులు ఆ గుజ్జే చిన్న రొయ్యల పులుసులో వేస్తే ఇంకా బాగుంటుంది.