హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: పద్ధతి సంగతి తర్వాత, తల వెనక జుట్టు లెక్క ముందు తేల్చుకోండి

క్లినిక్ బోర్డు మీద ఎఫ్‌యూటీ, ఎఫ్‌యూఈ, డీహెచ్‌ఐ, సఫైర్ అని నాలుగు పేర్లు, నాలుగు రేట్లు ఉంటాయి. నిజానికి నాటడానికి తల వెనక నుంచి జుట్టు కుదుళ్లు తీసే పద్ధతులు రెండే. చర్మాన్ని పట్టీగా కోసి తీస్తే ఎఫ్‌యూటీ, ఒక్కో కుదురునూ విడిగా తీస్తే ఎఫ్‌యూఈ. సఫైర్ అనేది కుదుళ్లు నాటేందుకు ముందు భాగంలో గాట్లు పెట్టే బ్లేడు మాత్రమే. డీహెచ్‌ఐలో కూడా కుదుళ్లు తీసేది ఎఫ్‌యూఈ పద్ధతిలోనే, నాటేది మాత్రం పెన్నులాంటి పరికరంతో. వెనక జుట్టు తీసినచోట మళ్లీ మొలవదు కాబట్టి, ఏ పద్ధతి దాన్ని ఎలా ఖర్చు చేస్తుందన్నదే అసలు పోలిక.

ముందు కొలత. పల్చని పాలిథీన్ కవరును తలమీద పరిచి, జుట్టు రాలిన భాగం హద్దును మార్కర్‌తో గీయండి. దాన్ని గ్రాఫ్ పేపర్ మీద పెట్టి చదరపు సెంటీమీటర్లు లెక్కపెట్టండి. చదరపు సెంటీమీటరుకు 35 నుంచి 40 గ్రాఫ్టులు (నాటడానికి తీసిన కుదుళ్లు) పెడితే చూపుకు నిండుగా ఉంటుంది. అంటే 60 చదరపు సెంటీమీటర్లకు 2,100 నుంచి 2,400. ఒక గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి, సగటున రెండు. కొటేషన్‌లో ‘5,000’ అని కనిపిస్తే అవి గ్రాఫ్టులా, వెంట్రుకలా అని అడగండి. బేరం తేడా అక్కడే వస్తుంది.

వెనక భాగంలో సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 70, 80 కుదుళ్లుంటాయి. అందులో సగం తీసేస్తే పల్చదనం కళ్లకు కడుతుంది. జీవితం మొత్తం మీద చాలామందికి దొరికేది 4,000 నుంచి 6,000 గ్రాఫ్టులు. బట్టతల పూర్తిగా ముదిరితే నింపాల్సిన జాగా 200 చదరపు సెంటీమీటర్ల దాకా పోవచ్చు, అంత నింపడానికి సరుకు చాలదు. అందుకే పాతికేళ్లు నిండని కుర్రాడికి నుదుటి మీదకి బాగా దించి జుట్టు మొదలయ్యే గీత గీసే డాక్టరును నమ్మకండి. నడినెత్తి సుడిని చివరికి వదిలేయడమే మంచిది. ఎన్ని గ్రాఫ్టులు పోసినా అక్కడ పల్చగానే కనిపిస్తుంది.

ఎఫ్‌యూటీలో తల వెనక నుంచి సుమారు 1.2 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవు పట్టీ తీస్తే 2,000కు పైగా గ్రాఫ్టులు వస్తాయి. మైక్రోస్కోపు కింద విడదీస్తారు కాబట్టి కుదుళ్లు తెగడం తక్కువ, చుట్టూ కాస్త కండ కూడా మిగులుతుంది. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు. పట్టీ మరీ వెడల్పయితే అంచులు లాగుకుపోయి మచ్చ సాగుతుంది. అందుకే వెనక చర్మం వదులుగా కదులుతుందో లేదో డాక్టరు వేళ్లతో చూడాలి. నెల, నెలన్నర బరువులెత్తకూడదు. మచ్చ చెవి నుంచి చెవి దాకా సన్నని గీతలా ఉంటుంది. జుట్టు పెంచుకుంటే కనిపించదు గానీ, తిరుమలలో తలనీలాలు ఇచ్చే ఇంటివారికి గుండు చేయించిన రోజున బయటపడుతుంది. అలాంటివారికి ఎఫ్‌యూఈ నయం.

‘మచ్చ ఉండదు’ అని ఎఫ్‌యూఈని అమ్మేవారు మాత్రం అబద్ధమాడుతున్నట్టే. 0.8 నుంచి 1 మిల్లీమీటరు పంచ్‌తో (గొట్టంలాంటి సన్నని కోత పరికరం) తీసిన ప్రతిచోటా చుక్క మిగులుతుంది, చామనఛాయ చర్మం మీద అది తెల్లగా తేలుతుంది. చర్మం పైన కనిపించే కోణం లోపల కుదురుకు ఉండదు. పంచ్ దారి తప్పితే కుదురు తెగిపోతుంది. ఉంగరాల జుట్టులో ఈ ప్రమాదం ఎక్కువ. నూటికి ఎన్ని తెగుతున్నాయో అడగండి, ఐదుకు లోపు ఉండాలి. పక్కపక్కవి తీస్తే వెనక చిమ్మెట తిన్నట్టవుతుంది. ఒకే రోజు ‘నాలుగు వేలు’ అన్న ఆఫరుకు ఆశపడితే సాధారణంగా జరిగేది ఇదే.

డీహెచ్‌ఐ పెన్ను పనికొచ్చేది ఉన్న జుట్టు మధ్యలో, ముందు భాగం గొరగకుండా నాటాలనుకున్నప్పుడు. పెద్ద విస్తీర్ణానికి అది నెమ్మది, ఖరీదు. బోలెడు గ్రాఫ్టులు కావాలంటే మొదట ఎఫ్‌యూటీ, ఏడాది దాటాక ఎఫ్‌యూఈ అన్న వరస వెనక జుట్టును ఎక్కువగా వాడుకోనిస్తుంది.

మొలక దెబ్బతినడానికి పెద్ద కారణం పద్ధతి కాదు, ఎండిపోవడం. పీకిన నారు గట్టున వదిలేస్తే ఏమవుతుందో, లైటు కింద గాజుగుడ్డ మీద పెట్టిన గ్రాఫ్టుకూ అదే అవుతుంది. అవి చల్లని సెలైన్‌లో ఉండాలి, తీసిన నాలుగైదు గంటల్లో నాటేయాలి. తీసేది ఎవరు, గాట్లు పెట్టేది ఎవరు అన్నది డబ్బు కట్టేముందే తేల్చుకోండి. డాక్టరు గీత గీసి వెళ్లిపోతే, ఆ క్లినిక్ వద్దు. నేషనల్ మెడికల్ కమిషన్ 2022 మార్గదర్శకాల్లో వర్క్‌షాపులు, వీడియోలు చూసి నేర్చుకున్నది చాలదని స్పష్టంగా ఉంది. మత్తు మందు కూడా లెక్కే. అడ్రినలిన్ కలిపిన లిడోకెయిన్ కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు దాటకూడదు.

తర్వాత మూడు నాలుగు రాత్రులు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. రెండో రోజు నుంచి నుదురు వాచడం మామూలే. పది రోజులదాకా హెల్మెట్ వద్దు, గోకొద్దు. మూడు వారాల నుంచి నాటిన వెంట్రుకలు రాలుతాయి, కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలక, ఏడాదికి పూర్తి రూపు. పక్కనున్న పాత జుట్టు రాలకుండా మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ మందుల గురించి డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. లేకపోతే నాటినది ముందు ద్వీపంలా మిగిలి, వెనకాలంతా ఖాళీ అవుతుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న ఆడవారు, గర్భిణులు ఫినాస్టరైడ్ జోలికి పోకూడదు.