కారు అలారం పాఠాలు – 4: బిల్లు ఎవరిది?

అలారం బిగించిన కారులో బ్యాటరీ ఊరికే దిగిపోతే, బాగుచేయించే ఖర్చు ఎవరు భరించాలి? ఈసారి నేరుగా ఆ బిల్లు సంగతికి వద్దామనుకున్నాను. కుదిరేలా లేదు. ఆపి ఉన్న కారు బ్యాటరీ నుంచి ఎంత కరెంటు లాగుతోందో కొలవమని ఇంతకుముందు చెబితే చాలామంది 3, 4 ఆంపియర్లని రాసి పంపారు. కొందరు మీటరు ఫ్యూజే కాల్చుకున్నారు. బ్యాటరీ నెగెటివ్ దారిలో మీటరు ఉండగా ఇంజిను స్టార్ట్ చేస్తే కాలక ఏమవుతుంది?

ఆ 3 ఆంపియర్లు అలారం తప్పు కాదు, కారు ఇంకా నిద్రపోలేదు. లోపలి కంప్యూటర్లన్నీ పడుకోవడానికి కొన్ని కార్లలో 10 నిమిషాలు, కొన్నింటిలో 40 పడుతుంది. మధ్యలో తలుపు తీశారా, కథ మళ్లీ మొదటికి. తలుపు తెరిచే ఉంచి, గడియను స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు నమ్మించండి. (చివర్లో హ్యాండిల్ లాగి గడియ విడిపించాకే తలుపు వేయండి.) కారు కొన్నాక విడిగా బిగించిన అలారాలకు బానెట్ కింద కూడా తరచూ ఓ చిన్న స్విచ్చు ఉంటుంది, దాన్నీ నొక్కి ఉంచాలి. కీలెస్ కారైతే (తాళం దగ్గరుంటే చాలు, తలుపు తెరుచుకునే రకం) తాళం దూరంగా పెట్టండి. ఫ్యూజు పీకి పెట్టినా కంప్యూటర్లు లేస్తాయి. అందుకే కరెంటు ఏ ఫ్యూజు దారిలో పోతోందో వెతికేటప్పుడు నేను పీకను, ఫ్యూజు వీపు మీది రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూస్తాను. అవి కనిపిస్తే ఆ దారిలో కరెంటు పోతున్నట్టే.

నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల (వెయ్యి కలిస్తే ఒక ఆంపియరు) లోపుంటే గొడవ లేదు. 300 ఉంటే రోజుకు 7.2 ఆంపియర్ గంటలు పోతాయి. 45 ఆంపియర్ గంటల బ్యాటరీ మూడు రోజుల్లో దాదాపు సగం ఖాళీ.

ఇక బిల్లు. అలారం ఫ్యూజు ఒక్కటీ తీసి, కారును మళ్లీ నిద్రపోనివ్వండి. 300 కాస్తా 30కి దిగిందా? తప్పు అలారం వైపే. అలారం పెట్టె లోపమైతే దాని తయారీదారును, వైరు అతుకు లోపమైతే బిగించినవారిని అడగాలి. దిగలేదా? తప్పు కారు వైపు, కారు వారంటీ కాగితం బయటికి తీయండి.

ఈ లెక్కను చెడగొట్టేది ఒకటే: మెకానిక్ "ముందు అలారం పీకేద్దాం" అనగానే తలూపడం. పీకేశాక రుజువేది? "నా వైరింగ్ బాగానే ఉండేది" అని బిగించినవారు, "అలారం వల్లే" అని సర్వీసువారు అంటారు. డబ్బు మాత్రం మీరు కడతారు. పీకకముందు రీడింగ్, పీకాక రీడింగ్, అతుకుల ఫొటోలు, అన్నీ తేదీతో ఉండాలి. అలారం ఉంది కాబట్టి వారంటీ లేదంటే, ఏ వైరు ఏ భాగాన్ని పాడుచేసిందో రాసిమ్మనండి. అలారం వైరు చేరని అద్దం మోటారు కాలిపోతే దాన్ని అలారం మీదికి నెట్టడం కుదరదు. స్టార్టరు వైరు కోసి అలారం రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) పెట్టిన కారు కదలకపోతే మాత్రం మొదటి అనుమానం ఆ రిలే మీదే.

అభ్యాసం: అలారం నుంచి బయల్దేరిన ప్రతి వైరూ ఎక్కడ అతుక్కుందో కాగితంపై గీయండి. పసుపు తొడుగున్న వైర్ల జోలికి పోవద్దు, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. ఒక్క వైరు ఆచూకీ తెలియకపోయినా ఐదో పాఠం తెరవకండి.