సత్యోపదేశం క్లాసులో పోతన పద్యం: ఎలా చెప్పాలి?

సత్యోపదేశమంటే కతోలిక పిల్లలకు విశ్వాసం నేర్పే క్లాసు. మరియమ్మను వేడుకునే మంగళవార్త జపంలో మన పిల్లలు రోజూ 'వరప్రసాదం' అనే మాట పలుకుతారు. దాని అర్థమేమిటని అడిగితే నోరు మెదపరు. నిర్వచనం రాయిస్తే పరీక్ష దాకా గుర్తుంటుంది, అంతే. అదే మాట ఒక పద్యంతో పరిచయమైతే మనసులో నాటుకుంటుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా టీచర్లకు ఆ పద్యం దూరమేమీ కాదు. పోతన ఊరుగా మనం చెప్పుకునే బమ్మెర పాలకుర్తి పక్కనే ఉంది.

ఒక క్లాసుకు ఒక్క మాటే తీసుకోండి. గజేంద్రమోక్షంలోని 'లావొక్కింతయు లేదు' పద్యాన్ని బోర్డు మీద రాసి, రాగం తీసి రెండుసార్లు చదవండి. అర్థం అప్పుడే చెప్పొద్దు. "ఏనుగు లావుగానే ఉంటుంది కదా టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇక్కడ లావంటే బలమని చెప్పి, ఏనుగు ఇంకా ఏమేం పోగొట్టుకుందో పిల్లలనే వెతకమనండి. ధైర్యం సడలింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది. ఇక మిగిలిందేమిటి? పిలుపు ఒక్కటే. ఆ జవాబు పిల్లల నోటే రావాలి. మొదట్లో నేనే తొందరపడి చెప్పేశాను, క్లాసు మొత్తం చప్పబడిపోయింది.

ఆ వెంటనే మత్తయి సువార్త 14వ అధ్యాయం తెరవండి. నీళ్ల మీద నడుస్తున్న పేతురు గాలికి భయపడి మునిగిపోతూ కేక వేశాడు. యేసు వెంటనే చెయ్యి చాచి పట్టుకున్నాడు. పేతురు ఈదుకుంటూ రాలేదు. వరప్రసాదమంటే మన అర్హతతో పని లేకుండా దేవుడు ఉచితంగా చేసే సాయమని కతోలిక సత్యోపదేశ గ్రంథం 1996వ పేరా చెబుతుంది. ఆ నిర్వచనం ఇప్పుడు చెప్పండి, సూటిగా తగులుతుంది.

ఒక్క జాగ్రత్త. రెండు కథలూ ఒకటేనని కలిపేయకండి. పోతన పిలిచింది విష్ణువును, ఆ భక్తిని గౌరవంగానే చెప్పాలి. ఇతర మతాల్లోని సత్యాన్ని, పవిత్రతను తిరస్కరించబోమని 1965లోనే రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశం) ప్రకటించింది. బడిలో చెబుతుంటే, ఆ పద్యం నానమ్మ దగ్గర నేర్చుకున్న హిందూ పిల్లలూ ఉంటారు. వాళ్ల చేతే చదివించండి. తేడా ఎక్కడుందో అందరినీ అడగండి.

పదో తరగతి పిల్లలైతే జాషువా 'గబ్బిలం' తీసుకోవచ్చు. గుళ్లోకి రానివ్వని మనిషి, గుళ్లోకి వెళ్లగల గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. దేవుడు మనిషిని తన పోలికలో చేశాడన్న ఆదికాండం మాట దాని పక్కన పెట్టండి. కులం గురించి, మన విచారణల (ఒక్కో చర్చి కింద ఉండే విశ్వాసుల సంఘాల) గురించి కూడా ప్రశ్నలు వస్తాయి. దాటవేయకండి.

చివరి పది నిమిషాలు మౌనం. తమ బలం ఎక్కడ చాలడం లేదో పిల్లల్ని నాలుగు లైన్లు రాసుకోమనండి. ఆ కాగితాలు మీరు తీసుకోవద్దు, చదవమని అడగొద్దు.