పుట్టిన ఏటి నాణేలను బహుమతిగా ఎలా తయారుచేయాలి? ముందు చింతపండు పక్కన పెట్టండి

దసరా నుంచి సంక్రాంతి దాకా ఒడిశాలో మన తెలుగువాళ్లుండే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ బజార్లలో కొనుగోళ్ల హడావిడే. ఇంట్లో పెద్దవాళ్లకి ఏమివ్వాలో మాత్రం ఎవరికీ తోచదు. చీర ఇస్తే బీరువాలోకి వెళ్తుంది, స్వీటు డబ్బా ఇస్తే షుగరు. వాళ్లు పుట్టిన సంవత్సరంలో అచ్చయిన బిళ్ళలు వెతికి, ఒక ఫ్రేములో అమర్చి ఇవ్వండి. దాని ముందు కూర్చుని ఆ రోజు సాయంత్రమంతా మాట్లాడతారు. పెద్ద ఖర్చు కూడా కాదు.

అయితే చాలా ఇళ్లలో గోడకి వేలాడుతున్న ఫ్రేములు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. డెబ్భై ఏళ్లుగా చేతులు మారుతూ వచ్చిన కాణీని ఎవరో శుభ్రంగా తోమేసి, గులాబీ రంగుకి తెచ్చి, జిగురుతో అట్టకి అంటించి ఉంటారు. అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కావలసినవి

భూతద్దం, చిన్న అయస్కాంతం, గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా, రెండు గాజు గిన్నెలు, డిస్టిల్డ్ వాటర్, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు పంచె ముక్క, లోతున్న ఫొటో ఫ్రేము, నాణేలు పెట్టే అట్ట జేబులు. అంతే.

1. సంవత్సరం, బిళ్ళలు తేల్చుకోండి

1957 ఏప్రిల్ 1న దేశంలో దశాంశ నాణేలు, అంటే రూపాయికి నూరు పైసల లెక్కవి, వచ్చాయి. అంతకుముందు పుట్టినవాళ్లకి అణాల లెక్క: కాణీ, అర్ధణా, అణా, బేడ (రెండణాలు), పావలా, అర్ధరూపాయి, రూపాయి. రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు కాణీలు. 1957 తర్వాత పుట్టినవాళ్లకి నయా పైసలు. ఒక నయా పైసా మీద హిందీలో 'రూపాయిలో నూరో వంతు' అని అర్థం వచ్చేలా రాసి ఉంటుంది, జనం కొత్త లెక్కకి అలవాటు పడటానికి. 1964లో 'నయా' అన్న మాట తీసేశారు.

అన్ని విలువల బిళ్ళలూ ప్రతి ఏడూ రాలేదు. 50 నయా పైసల బిళ్ళ 1960లో వచ్చింది, దశాంశ రూపాయి 1962లో వచ్చింది. కాబట్టి 1957లో పుట్టిన అత్తయ్య ఫ్రేములో ఆ రెండూ ఉండవు. ఎవరైనా 1957 నయా పైసల సెట్టు అని రూపాయితో సహా అమ్మితే అందులో వేరే ఏటి బిళ్ళ కలిపారని అర్థం. ఖాళీ వదిలేయండి, పక్క సంవత్సరం బిళ్ళతో నింపకండి.

పుట్టిన తేదీ సరిగా తెలియని తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటారు. వాళ్లకి 1936 కాణీ వెతకండి. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసిన సంవత్సరమది. ఐదో జార్జి బొమ్మతో ఉన్న ఆ కంచు కాణీ సులువుగానే దొరుకుతుంది. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లుకాణీ ఒకటి పక్కన పెడితే ఇంకా బాగుంటుంది. దాన్ని చూసి గుర్తుపట్టని ముసలివాళ్లు ఉండరు.

ఇంకో మాట చెప్పాలి. బ్రిటిషు కాలపు అణా బిళ్ళ మీద విలువ ఇంగ్లీషు కాక నాలుగు దేశీ లిపుల్లో ఉంటుంది. అందులో తెలుగు ఒకటి. మన పిల్లలు చాలామంది ఇక్కడ ఒడియా బడుల్లోనో ఇంగ్లీషు బడుల్లోనో చదువుతున్నారు, తెలుగు ఇంట్లో మాట్లాడే భాషగానే మిగిలింది. దేశమంతా తిరిగిన నాణెం మీద తమ అక్షరాలు ఉన్నాయని భూతద్దంలో చూపిస్తే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. అందుకని ఎవరి ఫ్రేము కట్టినా, సంవత్సరం కలిసినా కలవకపోయినా, ఒక అణా బిళ్ళ ఉండి తీరాలి.

2. వెతకండి

ముందు సొంత ఇల్లు. పాత ట్రంకు పెట్టె, దేవుడి గదిలో గిన్నె, అమ్మమ్మ వక్కల సంచి. తర్వాత పెద్ద బజారు వైపు వెండి కొట్లు, పాత సామాన్ల కొట్లు. దుకాణదారుని 'పాత బిళ్ళలున్నాయా బాబూ' అని అడగండి, 'విలువైనవి ఉన్నాయా' అని అడగకండి. రెండో ప్రశ్న వినగానే రేటు మూడింతలవుతుంది.

ఫోనులో వచ్చే ప్రకటనల జోలికి పోవద్దు. 'మీ దగ్గర ఫలానా ఐదు రూపాయల బిళ్ళ ఉంటే లక్షలు' అనేవాళ్లు ముందు కమిషన్ కట్టమంటారు. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించింది కూడా.

3. కొనేముందు చూడండి

ఈస్టిండియా కంపెనీ పేరుతో 1818 సంవత్సరం వేసి, వెనక రాముడో లక్ష్మో హనుమంతుడో ఉన్న రాగి బిళ్ళలు తెగ తిరుగుతున్నాయి. కంపెనీ అలాంటి నాణేలు వేయలేదు. పూజకి పెట్టుకుంటే మీ ఇష్టం, ఫ్రేములో మాత్రం వద్దు. 1939 వెండి రూపాయి చాలా అరుదు. అది సంతలో చౌకగా కనబడిందంటే నకిలీ అనే అనుకోండి.

పాత వెండి రూపాయి తూకం 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. చాలా అరిగినవి కొంచెం తగ్గుతాయి, పెరగడం మాత్రం ఉండదు. వెండి అయస్కాంతానికి అంటదు. 1947 రూపాయి నికెల్‌ది, అది అంటుకుంటుంది. అంటుకుంది కదా అని దాన్ని నకిలీ అనకండి.

అంచు తప్పకుండా చూడండి. రాయగడ, కొరాపుట్ వైపు ఆదివాసీ ఆడవాళ్ల దండల్లో రూపాయి బిళ్ళలు ఉండేవి. వాటికి కొక్కెం అతికించేవారు. ఆ కొక్కెం తీసేసి అమ్మిన బిళ్ళకి రాజు తల పైన, అంచు దగ్గర, టంకం గుర్తు ఉంటుంది. కొందరు దాన్ని లోపం అని తీసి పారేస్తారు. మన ప్రాంతపు ఫ్రేముకి అదే సరైన బిళ్ళ అని నేను అంటాను. ధర మాత్రం తగ్గించి అడగండి.

చివరిగా దశాంశ నాణేల మీద టంకశాల గుర్తు, అంటే బిళ్ళ ఏ ఊళ్లో అచ్చయిందో చెప్పేది. సంవత్సరం కింద వజ్రం ఆకారం ఉంటే బొంబాయి, నక్షత్రం ఉంటే హైదరాబాదు, గుర్తేమీ లేకపోతే కలకత్తా. 1980ల చివర నుంచి చుక్క ఉంటే నోయిడా.

4. కడగడం

ఇక్కడే అందరూ పాడుచేస్తారు. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి.

మొదటి నియమం: కడగకండి. బిళ్ళ మీద మట్టో జిడ్డో కంటికి కనబడుతుంటేనే కింద చెప్పినవి చేయండి. నల్లబడటం మురికి కాదు. లోహం గాలితో కలిసి ఏళ్ల తరబడి కట్టుకున్న పొర అది. లోపలి లోహాన్ని కాపాడేది ఆ పొరే. అక్షరాల మధ్య నలుపు, పైన ఎత్తుల మీద లేత రంగు ఉండబట్టే రాజు ముఖం, సింహాలు, సంవత్సరం స్పష్టంగా కనిపిస్తాయి.

చింతపండు, నిమ్మకాయ ఏం చేస్తాయంటే, వాటి పులుపు ఆ పొరని కరిగించేస్తుంది. కంచు, రాగి బిళ్ళలు పచ్చి లోహం బయటపడి గులాబీ రంగుకి తిరుగుతాయి. వారం పది రోజులు తళతళలాడి, తర్వాత మచ్చలు మచ్చలుగా మళ్లీ నల్లబడతాయి. ఈసారి ఆ నలుపు సమానంగా ఉండదు. పోయిన పొర తిరిగి రాదు. బూడిద, కొబ్బరి పీచు, టూత్‌పేస్టు, ఇత్తడి తోమే పొడి అయితే ఇంకా ఘోరం, సన్నటి గీతలు పడి అక్షరాలే అరిగిపోతాయి. వెండి కుందులకు విభూది పెట్టి రుద్దే అలవాటు మన ఇళ్లలో ఉంది. కుంది మందంగా ఉంటుంది, ఎన్నేళ్లు రుద్దినా కుందిగానే ఉంటుంది. రూపాయి మీద రాణి జుట్టు పాయలు వెంట్రుకంత ఎత్తులో కూడా ఉండవు. ఒక్కసారి రుద్దితే చాలు, పోతాయి.

వంటసోడా, అల్యూమినియం రేకుతో వెండిని తెల్లబరిచే చిట్కా ఫోనుల్లో తిరుగుతోంది. వెండి బిళ్ళ నిర్జీవంగా సున్నం రంగుకి వస్తుంది. పొరపాటున ఆ నీళ్లలో మూడు పైసలు, పది పైసలు లాంటి అల్యూమినియం బిళ్ళలు వేస్తే సోడా వాటినే తినేస్తుంది.

సరే, మట్టి ఉంది, కడగాలి. ఇలా చేయండి.

లోహాన్ని బట్టి విడదీయండి. కంచు, వెండి, నికెల్, అల్యూమినియం ఒకే గిన్నెలో కలపకూడదు. గాజు గిన్నె అడుగున గుడ్డ పరిచి, బిళ్ళలు ఒకదానికొకటి తగలకుండా పెట్టి, డిస్టిల్డ్ వాటర్ పోయండి. బ్యాటరీల్లో పోసే నీళ్లు అదే, కానీ సీసా మీద రాసింది చదివి తీసుకోండి. అదే కొట్లో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు. రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి. మట్టి దానంతట అదే వదులుతుంది. గోరు పెట్టి గీకకండి, బ్రష్ అసలు ముట్టుకోకండి. కుళాయి నీళ్లతో తొలవడం కూడా వద్దు, అందులోని క్లోరిన్ మరకలు పెడుతుంది.

దేవుడి గదిలోంచి వచ్చిన బిళ్ళల సంగతి వేరు. తామర పువ్వున్న ఇత్తడి రంగు ఇరవై పైసలు చాలా ఇళ్లలో లక్ష్మీ పూజకే దాచారు. వాటికి నూనె, కుంకుమ, పసుపు గట్టిగా పట్టి ఉంటాయి, నీళ్లకి లొంగవు. ల్యాబ్ సామాన్ల కొట్లో దొరికే శుద్ధమైన ఎసిటోన్ వాడండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం ఎసిటోనే కదా అంటారు. కాదు, అందులో నూనెలు, సువాసనలు కలిపి ఉంటాయి. కిటికీ తెరిచి, పొయ్యికి, అగరొత్తులకి దూరంగా కూర్చోండి, ఇది పెట్రోలులా అంటుకుంటుంది. ప్లాస్టిక్ గిన్నె వద్దు, గాజుదే వాడాలి. పావుగంట ఉంచి తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీస్తే సరిపోతుంది. ఎసిటోన్ జిడ్డుని తీస్తుంది, లోహాన్ని ముట్టుకోదు. పసుపు మరక కొంచెం మిగిలితే మిగలనివ్వండి. ఆ బిళ్ళ ఎక్కడుందో, ఎవరు దాచారో చెప్పే మరక అది.

ఆరబెట్టడం కూడా పనే. పంచె ముక్క మీద పెట్టి పైన ఇంకో మడత వేసి అద్దండి. అద్దడమే, తుడవడం కాదు. ఫ్యాను కింద పూర్తిగా ఆరేదాకా వదిలేయండి. ఆ తర్వాత వేళ్లతో అంచులే పట్టుకోవాలి, ముఖం మీద వేలిముద్ర పడితే నెలల్లో నల్లటి ముద్రగా బయటపడుతుంది.

ఆకుపచ్చ గురించి. నున్నగా, గట్టిగా, ముదురు రంగులో ఉన్న పచ్చదనాన్ని అలాగే వదిలేయండి. లేత రంగులో పొడి పొడిగా రాలుతుంటే మాత్రం అది ఉప్పు తెచ్చిన తెగులు. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఎక్కువ. ఆ బిళ్ళని మిగతా వాటి దగ్గర ఉంచకండి, ఫ్రేములో పెట్టకండి. వేరే బిళ్ళ తెచ్చుకోండి. మామూలు కాణీలు, పైసలు చౌకే, ఒక తెగులు బిళ్ళని బతికించడానికి పడే టెన్షన్‌కి అర్థం లేదు.

దుకాణాల్లో బంగారు పూత వేసిస్తామంటారు, రెజిన్‌లో ముంచి కీచెయిన్ చేసిస్తామంటారు. రెండూ వద్దు. రెజిన్‌లోకి వెళ్లిన బిళ్ళ ఇక బయటికి రాదు, పూత వేసిన బిళ్ళ ఇక అదే బిళ్ళ కాదు. నా పద్ధతిలో అయితే ముప్పై ఏళ్ల తర్వాత మనవరాలు ఫ్రేము విప్పితే బిళ్ళ మీరు పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే చేతికొస్తుంది.

5. అమర్చండి

ఫ్రేము కట్టేవాడు జిగురు, టేపు తీస్తాడు. వద్దని ముందే చెప్పండి, లేదా లోపలి పని మీరే చేసుకుని అద్దం బిగించడం మాత్రం అతనికి వదలండి. బిళ్ళలు పారదర్శకమైన కిటికీ ఉన్న అట్ట జేబుల్లో ఉండాలి. మెత్తగా వంగే, ప్లాస్టిక్ వాసన కొట్టే జేబులు కొనకండి, కొన్నాళ్లకి అవి జిగటగా మారి బిళ్ళల మీద పచ్చ బంక వదులుతాయి. వెనక తెల్లటి మందపాటి కాగితమే ఉండాలి, నల్ల వెల్వెట్ వద్దు. బట్టల రంగులు, ఉన్ని లాంటివి వెండిని త్వరగా నల్లబరుస్తాయి.

ప్రతి బిళ్ళ కింద తెలుగులో రాయండి: పేరు, సంవత్సరం, టంకశాల. 'పావలా, 1957, బొంబాయి'. చేతిరాతే బాగుంటుంది. వెనక భాగంలో ఒక చిన్న సిలికా జెల్ పొట్లం దాచి, ఏటా వర్షాకాలం అయ్యాక మార్చమని చెప్పండి. చెమ్మ పట్టే గోడకి, దేవుడి గదిలో కర్పూరం పొగకి ఎదురుగా వేలాడదీయవద్దు.

6. ఇవ్వండి

ఫ్రేముతో పాటు అదే సంవత్సరం బిళ్ళ ఇంకొకటి విడిగా ఇవ్వండి. పెద్దవాళ్లు అద్దం మీంచి చూసి ఊరుకోరు, చేత్తో పట్టుకోవాలనుకుంటారు. ఫ్రేము విప్పే అవసరం లేకుండా ఆ రెండోది వాళ్ల చేతిలో ఉంటుంది. భూతద్దం కూడా కలిపి ఇస్తే అణా బిళ్ళ మీది తెలుగు వాళ్లే చదువుకుంటారు.

అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న బాబాయికి పంపాలనుకుంటే ఒక జాగ్రత్త. నూరేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వాటిని మనంతట మనం దేశం దాటించకూడదు. విక్టోరియా, ఎడ్వర్డు రూపాయలన్నీ ఆ లెక్కలోవే. ఐదో జార్జివి కూడా తొలి సంవత్సరాలవి నూరేళ్లు దాటాయి. విదేశాలకు వెళ్లే ఫ్రేములో వాటిని తీసేసి, నయా పైసలు, చిల్లుకాణీ లాంటివి పెట్టండి.