గుండె లయ తప్పితే: ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఏ లక్షణానికి ఏం చేయాలి

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే గుండె పైగదులు వణుకుతూ, గుండె ఏ వరసా లేకుండా కొట్టుకునే జబ్బు. ఇందులో దడ ఎంత ఉందన్నది ఒక లెక్క, పక్షవాతం ముప్పు ఎంతన్నది వేరే లెక్క. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే ఈ జబ్బులో సగం పొరపాట్లు జరుగుతాయి.

సమస్య: దడ వచ్చి పోతోంది, ఈసీజీ మాత్రం నార్మల్

కారణం: ఈసీజీ తీసే సమయానికి లయ మామూలుగా ఉండి ఉంటుంది.

పరిష్కారం: దడ ఉన్నప్పుడే మణికట్టు దగ్గర నిమిషం పాటు నాడి పట్టుకుని చూడండి. వేగం కన్నా క్రమం ముఖ్యం. రెండు గబగబా కొట్టుకుని, ఆగి, ఇంకోటి బలహీనంగా, ఇలా ఏ వరసా లేకుండా ఉంటే అనుమానించాలి. ఒంటికి కట్టుకునే చిన్న ఈసీజీ యంత్రం హోల్టర్‌తో ఒకటి రెండు రోజులు, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు రికార్డు చేస్తారు. స్మార్ట్‌వాచ్ అలర్ట్ అనుమానం వరకే. పీ తరంగాలు (గుండె పైగదుల సంకేతాన్ని చూపే చిన్న అలలు) లేకుండా, కొట్టుకోవడాల మధ్య దూరం మారుతూ ఉన్న ఈసీజీ పట్టీని డాక్టర్ చూస్తేనే నిర్ధారణ.

సమస్య: ఏ బాధా లేదు, అయినా బ్లడ్ థిన్నర్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) రాశారు

కారణం: గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. ఎడమ పైగదికి ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. ముప్పు సుమారు 5 రెట్లు పెరుగుతుంది, మీకు దడ తెలిసినా తెలియకపోయినా.

పరిష్కారం: పక్షవాతం ముప్పును లెక్కగట్టే చాడ్స్-వాస్క్ స్కోరు వేయాలి. గుండె వైఫల్యం, బీపీ, షుగర్, రక్తనాళాల జబ్బు (పాత హార్ట్ ఎటాక్ లాంటివి), 65-74 ఏళ్ల వయసు: ఒక్కోదానికి 1. వయసు 75 లేదా అంతకన్నా ఎక్కువైతే 2, గతంలో పక్షవాతం వచ్చి ఉంటే 2. స్త్రీలకు 1 కలిపేవారు, 2024 యూరప్ మార్గదర్శకాలు దాన్ని తీసేశాయి. అలా లెక్కేస్తే 2 వస్తే మందు వాడాల్సిందే, 1 వస్తే డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

బీపీ ఉన్న 76 ఏళ్ల మనిషికి ఏ దడా లేకపోయినా స్కోరు 3. దడతో నిద్రపట్టని 45 ఏళ్ల మనిషికి వేరే జబ్బేమీ లేకపోతే సున్నా. మందు అవసరం మొదటివారికే.

"ఆస్పిరిన్ చాలదా?" అంటారు. చాలదు. రక్షణ తక్కువ, రక్తస్రావం ముప్పు మాత్రం ఉంటుంది. అపిక్సాబాన్, రివరాక్సాబాన్, డాబిగాట్రాన్ లాంటివి వాడాలి. గుండెలో అమర్చిన లోహపు వాల్వ్ ఉన్నా, గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ బాగా ఇరుకైనా వార్ఫరిన్ ఒక్కటే దారి. అప్పుడు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే పరీక్ష) సాధారణంగా 2-3 మధ్య ఉండాలి, లోహపు వాల్వ్‌కి ఇంకాస్త ఎక్కువ కావాల్సి రావచ్చు.

సమస్య: రక్తస్రావం అవుతుందేమోనని టెన్షన్

భయం న్యాయమైనదే, కానీ మందు మానేయడం జవాబు కాదు. అదుపులో లేని బీపీ, మద్యం, అవసరం లేని ఆస్పిరిన్, నొప్పి మాత్రలు: ముందు వీటిని సరిచేయాలి. కిడ్నీ పరీక్ష చేయించి, దాన్ని బట్టి డోసు చూసుకోవాలి. రివరాక్సాబాన్ అన్నంతో పాటు వేసుకోవాలి, డాబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పకూడదు.

సమస్య: మందులు వాడుతున్నా ఆయాసం, నాడి 130

కారణం: వేగం అదుపులోకి రాలేదు, లేదా వెనక ఇంకేదో ఉంది. థైరాయిడ్, వాల్వ్ జబ్బు, ఇన్ఫెక్షన్, గురకతో ఊపిరి ఆగే నిద్ర సమస్య చూడాలి.

పరిష్కారం: బీటా బ్లాకర్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ లాంటివాటితో, విశ్రాంతిగా ఉన్నప్పుడు 110 లోపు తేవడం మొదటి లక్ష్యం. గుండె పంపింగ్ తగ్గినవారికి డిల్టియాజెమ్ వద్దు, అందుకే ఎకో (గుండె స్కాన్) ముందు. స్పృహ తప్పుతున్నా, ఛాతీ నొప్పి ఉన్నా, బీపీ పడిపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ అవసరమైతే విద్యుత్ షాక్ ఇచ్చి లయ సరిచేస్తారు. అంత తొందర లేనప్పుడు మాత్రం షాక్‌కు ముందు 3 వారాలు, తర్వాత కనీసం 4 వారాలు బ్లడ్ థిన్నర్ ఉండాలి.

సమస్య: అబ్లేషన్ (లయ తప్పించే గుండె కణజాలాన్ని పనిచేయకుండా చేసే చికిత్స) అయింది, దడ పోయింది, మందు ఆపొచ్చా?

కనీసం 2 నెలలు ఎవరూ ఆపకూడదు. ఆ తర్వాత చూడాల్సింది దడ కాదు, స్కోరు. స్కోరు ఎక్కువ ఉన్నవారికి బ్లడ్ థిన్నర్ కొనసాగుతుంది.