అరబ్బు, ఆఫ్రికా పేర్లు చదవడం నేర్చుకుందాం – పాఠం 3: పేరులో కనిపించని తల్లి

పోయిన పాఠం చివర ఒక పేరు ఇచ్చి విడగొట్టమన్నాను: హమద్ బిన్ ముహమ్మద్ బిన్ జుమా బిన్ రజబ్ అల్ ముర్జబీ. "బిన్" అంటే కొడుకు కాబట్టి హమద్ తండ్రి ముహమ్మద్, తాత జుమా, ముత్తాత రజబ్. చివర "అల్"తో వచ్చింది వంశం పేరు. ముర్జబీల మూలం ఒమన్. ఇంతవరకు రాసినవాళ్ళకి మార్కులు పూర్తిగా వేసుకోవచ్చు.

ఈ పేరు చూసి మనిషిని ఊహించుకోమంటే ఎవరైనా మస్కట్ నుంచి ఓడెక్కి వచ్చిన అరబ్బునే ఊహించుకుంటారు. కానీ ఈయన తూర్పు ఆఫ్రికా తీరం పక్కనున్న దీవి జాంజిబార్‌లో పుట్టాడు. టిప్పు టిప్ అనే మారుపేరుతో తూర్పు, మధ్య ఆఫ్రికా అంతా ఎరిగిన ఏనుగు దంతాల వ్యాపారి, బానిసల వ్యాపారి కూడా. 1887లో బెల్జియం రాజు లియోపోల్డ్ తరఫున కాంగోలో స్టాన్లీ జలపాతాల ప్రాంతానికి గవర్నర్ అయ్యాడు, 1905లో జాంజిబార్‌లోనే చనిపోయాడు. ఆయన్ని కలిసిన యూరప్ యాత్రికులు ఆయన నల్లని రూపాన్ని ప్రత్యేకంగా రాసుకున్నారు. పేరు ఒమన్ అంటోంది, ముఖం ఆఫ్రికా అంటోంది. ఈ రెండిటి మధ్య ఉన్న ఖాళీని చదవడమే ఈ వారం పని.

ఒక కాగితం తీసుకోండి. పేరులోని మగవాళ్ళని ఒకరి కింద ఒకరుగా రాయండి: హమద్, ముహమ్మద్, జుమా, రజబ్. ప్రతి పేరు పక్కన "తల్లి" అని రాసి గీత గీసి వదిలేయండి. నాలుగు పేర్లు, నాలుగు ఖాళీ గీతలు. వీటిలో ఒక్కదాన్ని కూడా పేరు నింపదు. బయటినుంచి వెతికి తెచ్చి నింపాలి.

టిప్పు టిప్ విషయంలో రెండు గీతలు కొంతవరకు నిండుతాయి. ఆయన తల్లి మస్కట్ అరబ్బు కుటుంబంలోని మనిషి. ఆవిడ కూడా "ఫలానా హబీబ్ గారి కూతురు" అన్న రూపంలోనే మనకి చేరింది. జుమా పక్కన ఉన్న గీత ఇంకా ముఖ్యం. జుమా తల్లి, అంటే రజబ్ భార్య, నబ్హానీ వంశపు అరబ్బుకి పుట్టిన పిల్ల. ఆమె తల్లి మాత్రం ఇప్పటి దారెస్సలాంకి దక్షిణాన ఉన్న మ్బ్వామాజీ అనే పల్లెకు చెందిన ఆఫ్రికా స్త్రీ. వంశవృక్షంలో ఆవిడ గుర్తుగా మిగిలింది ఊరి పేరొక్కటే. మిగతా గీతల్లో కూడా ఆ తీరపు ఆడవాళ్ళు ఉండి ఉంటారని నా అనుమానం. అంత దూరపు ముత్తవ్వ ఒక్కరి వల్లే ఆ రూపం వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన లెక్క. మాజిద్ బిన్ సయీద్ అల్ బుసైదీ, బర్ఘష్ బిన్ సయీద్ అల్ బుసైదీ. ఇద్దరూ జాంజిబార్ సుల్తానులే. మాజిద్ 1856 నుంచి 1870 దాకా, బర్ఘష్ 1870 నుంచి 1888 దాకా పాలించారు. ఇద్దరి తండ్రీ ఒకడే, ఒమన్ రాజధానిని జాంజిబార్‌కి మార్చిన సయీద్ బిన్ సుల్తాన్. మొదటి మాట తీసేస్తే ఇద్దరి పేరూ ఒకటే. మరి తల్లులు? మాజిద్ తల్లి కాకసస్ కొండల నుంచి వచ్చిన సర్కాసియా స్త్రీ, బర్ఘష్ తల్లి అబిసీనియా స్త్రీ, అంటే ఇప్పటి ఇథియోపియా. ఈ వివరాలు మనకి చెప్పింది ప్రధానంగా వాళ్ళ సవతి చెల్లెలు సల్మే. 1859లో బర్ఘష్ అన్నమీద తిరగబడితే ఆవిడ సాయం చేసింది. తిరుగుబాటు విఫలమై బర్ఘష్‌ని బొంబాయికి పంపేశారు. తర్వాత 1866లో ఆవిడ కూడా జాంజిబార్ వదిలి, హాంబర్గ్ వ్యాపారిని పెళ్ళాడి, 1886లో జర్మన్ భాషలో తన జ్ఞాపకాలు అచ్చు వేయించింది. అంతఃపురంలో పెరిగిన ఆడమనిషి కాబట్టే ఎవరి తల్లి ఎవరో రాసింది. ఖాళీ గీతలు నింపాలంటే ముందు ఇలాంటి చోట వెతకండి. రాజుల చరిత్రలు రాసిన మగవాళ్ళకి ఈ గొడవ పట్టలేదు.

తల్లులు ఇంత వేరైనా కొడుకులిద్దరికీ గద్దె ఎలా దక్కింది? ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం బానిస స్త్రీకి యజమాని వల్ల బిడ్డ పుట్టి, ఆ బిడ్డ తనదేనని అతను ఒప్పుకుంటే ఆమెను ఇక అమ్మడానికి వీల్లేదు. అతను చనిపోగానే ఆమె బానిసత్వం పోతుంది. ఆమెను "ఉమ్ వలద్" అంటారు, బిడ్డ తల్లి అని. బిడ్డ మాత్రం పుట్టుకతోనే స్వతంత్రుడు, పెళ్ళానికి పుట్టిన పిల్లలతో సమానంగా వారసుడు. తండ్రి పేరు అతన్ని పూర్తి అరబ్బుని చేసేస్తుంది. అందుకే తీరమంతటా ఆఫ్రికా తల్లులకి పుట్టిన అల్ బుసైదీలు, అల్ హార్తీలు, అల్ బర్వానీలు కనిపిస్తారు. దీన్ని "సంస్కృతుల సంగమం" అని పొగుడుతూ రాసేవాళ్ళున్నారు, నాకు ఆ మాట గొంతు దిగదు. ఈ తల్లుల్లో చాలామందిని కొనుక్కొచ్చారు. 1873లో బ్రిటిష్ ఒత్తిడికి లొంగి జాంజిబార్ బానిసల బజారు మూయించింది అబిసీనియా తల్లి కొడుకైన బర్ఘషే.

ఇస్లాంకి ముందు ఆ చట్టం లేదు. బానిసకి పుట్టినవాడు బానిసే, తండ్రి ఒప్పుకున్నదాకా. ఆరో శతాబ్దపు కవి అంతరా తల్లి జబీబా ఇథియోపియా బానిస. తండ్రి షద్దాద్ అబ్స్ తెగ వీరుడు. శత్రువులు మీద పడ్డ రోజున తండ్రి "దూకు" అంటే, "బానిసకి ఒంటెల పాలు పిండడమే వచ్చు" అన్నాడట అంతరా. "దూకు, ఇక నువ్వు స్వతంత్రుడివి" అన్నాడట తండ్రి. కథే కావచ్చు, కానీ "అంతరా ఇబ్న్ షద్దాద్" అన్న పేరులో ఆ "ఇబ్న్ షద్దాద్" ఊరికే రాలేదని దానివల్ల తెలుస్తుంది. "ఇబ్న్" అన్నా "బిన్" అన్నా ఒకటేనని మొదటి పాఠంలో చూశాం.

అదే కాలంలో పేరులోనే తల్లి కనిపించే కవులూ ఉన్నారు. ఖుఫాఫ్ ఇబ్న్ నద్బా, సులైక్ ఇబ్న్ అస్సులకా. నద్బా, సులకా ఇద్దరూ నల్లజాతి తల్లులు. ఇలాంటి కవులందర్నీ కలిపి "అరబ్బుల కాకులు" అనేవారు. మనకి గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి తెలుసు కాబట్టి తల్లి పేరు గౌరవానికి గుర్తు అనిపిస్తుంది. ఇక్కడ అలా అనుకోకండి. ఎత్తిపొడుపుగా అంటించిన పేర్లను వీళ్ళు తమ కవిత్వంతో నిలబెట్టుకున్నారు.

కాగితాలు దొరకని చోట ఎముకలు కూడా సాక్ష్యమే. 1250 నుంచి 1800 మధ్య స్వాహిలి తీరపు, అంటే తూర్పు ఆఫ్రికా తీరపు, పట్టణాల్లో పాతిపెట్టిన మనుషుల డీఎన్‌ఏ మీద 2023లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. తల్లుల వైపు చాలావరకు ఆఫ్రికా, తండ్రుల వైపు ఆసియా కనబడ్డాయి. ఆ ఆసియాలో మొదట ఎక్కువగా పర్షియా, అరేబియా వాటా తర్వాతి శతాబ్దాల్లో పెరిగింది. అంటే మనం కాగితం మీద గీసిన లాంటి ఖాళీ గీతల్లో చాలావరకు ఆఫ్రికా దిక్కే చూపిస్తున్నాయి.

వచ్చే పాఠానికి హోంవర్క్. ఒకటి: ఖలీఫా బిన్ సయీద్ అల్ బుసైదీ 1888లో బర్ఘష్ తర్వాత గద్దెనెక్కాడు. పేరును బట్టి బర్ఘష్‌కి ఏమవుతాడు? ఇద్దరూ ఒక తల్లి బిడ్డలో కాదో పేరు చెబుతుందా? రెండు: ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ. ఈయన హైదరాబాదు నిజాం కొలువులో జమేదారు, సంపాదించిన డబ్బుతో యెమెన్ వైపు హద్రమౌత్‌లో రాజ్యం కట్టాడు. పేరు విడగొట్టి, తల్లుల గీతలు గీసి, నింపకుండా ఉంచండి. వచ్చే వారం హైదరాబాదులోని బార్కస్ వీధుల్లోని పేర్లతో మొదలుపెడదాం.