రాస్ప్‌బెర్రీ పై జీరో మీద జావా నడపడం ఎలా (సంపు నీళ్ళ కోసం పడ్డ తిప్పలు)

మా అపార్ట్‌మెంట్‌కి మంజీరా నీళ్ళు ఎప్పుడు వదుల్తారో ఎవ్వరికీ తెల్వదు, ఒక్కోసారి తెల్లారి 4 గంటలకి సంపు నిండి పొర్లి పార్కింగ్ అంతా చెరువైతది. డ్రాయర్‌లో పాత రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ (బుడ్డ కంప్యూటర్ బోర్డు) ఒకటి పడుంది, దానికి శబ్దంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ కట్టి సంపు నిండంగనే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చేద్దామనుకున్నా. ఆఫీసులో రోజూ రాసేది జావానే కాబట్టి ఇదీ దాంట్లోనే రాశా. "పైథాన్ ఉండగా ఆ బుడ్డ బోర్డు మీద జేవీఎం ఏంట్రా" అని ఫ్రెండ్స్ నవ్విర్రు (జేవీఎం అంటే జావా ప్రోగ్రాముల్ని నడిపే ఇంజిన్). మంచిగనే నడుస్తుంది, కాకపోతే దాని లొల్లి దానికుంది.

ముందు చిప్ ఏదో చూస్కోండి, సగం మంది ఇక్కడే ఆగిపోతరు. టెర్మినల్‌లో యూనేమ్ మైనస్ ఎం కొడితే ఆర్మ్ వీ6 ఎల్ అనో, వీ7 ఎల్ అనో, ఏఆర్చ్64 అనో వస్తది, ఇవి ఆర్మ్ చిప్పుల తరాలు. పై జీరో డబ్ల్యూలో ఉన్నది ఆర్మ్11 కోర్, అంటే 2012లో వచ్చిన మొట్టమొదటి రాస్ప్‌బెర్రీ పైలో ఉన్నదే, వీ6 అన్నమాట. అసలు తిరకాసు ఏంటంటే డెబియన్ లైనక్స్ వాళ్ళకి ఆర్మ్‌హెచ్ఎఫ్ అనే ప్యాకేజీ రకం అంటే వీ7 నుంచి మొదలు, దాన్నుంచి ఈ బోర్డు కోసం ఓఎస్ చేసిన రాస్ప్‌బియన్ వాళ్ళు అదే పేరుతో వీ6 కోసం మొత్తం మళ్ళీ బిల్డ్ చేసుకున్నరు, పేరు ఒక్కటే లోపల సరుకు వేరు. నేను ముందూ వెనకా చూడకుండా ఆప్ట్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే కమాండ్)తో జావా 11 వేసేశా, రన్ చేస్తే "సర్వర్ వీఎం ఈజ్ ఓన్లీ సపోర్టెడ్ ఆన్ ఆర్మ్ వీ7 ప్లస్" అని మొహం మీదే తలుపేసింది. ఇంకొన్ని ప్యాకేజీలైతే అదీ చెప్పవు, "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోతయి అంతే. బెల్‌సాఫ్ట్ కంపెనీ ఇచ్చే లిబెరికా అనే జావాలో 32 బిట్ హార్డ్ ఫ్లోట్ బిల్డ్ ఉంటది, పక్కన వీ6 అని రాసుందో లేదో చూసి అదే దింపుకోండి. జీరో 2 డబ్ల్యూ ఉన్నోళ్ళకి ఈ బాధ లేదు, అందులో నాలుగు కార్టెక్స్ ఏ53 కోర్లు. కానీ కొత్త ఓఎస్‌లలో కెర్నల్ 64 బిట్, పైనున్న ప్రోగ్రాములన్నీ 32 బిట్ ఉండే చాన్స్ ఉంది, అప్పుడు యూనేమ్ మాట నమ్మొద్దు, గెట్‌కాన్ఫ్ లాంగ్ బిట్ అని అడిగితే నిజం చెప్తది.

కంపైల్ మాత్రం బోర్డు మీద చేయకండి ప్లీజ్. గ్రేడిల్ (జావా కోడ్ బిల్డ్ చేసే టూల్) దాని మీద మొదలుపెడితే ఇరానీ చాయ్‌కి పోయి వచ్చినా అక్కడే ఉంటది. ల్యాప్‌టాప్‌లో జార్ ఫైల్ చేసి ఎస్‌సీపీ కమాండ్‌తో బోర్డుకి పంపండి, అందులో ఉండే బైట్‌కోడ్‌కి ఇంటెల్ అయినా ఆర్మ్ అయినా ఒక్కటే, వీఎం వాడేదే అందుకు. బోర్డు మీద ఏ వెర్షన్ జావా ఉందో కంపైలర్ రిలీజ్ ఆప్షన్‌లో ఆ నంబరే ఇవ్వండి, లేకపోతే అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ అని ఏడుస్తది.

తర్వాత మెమరీ. ఉన్నదే 512 ఎంబీ, జేవీఎంని దాని మానాన వదిలేస్తే ర్యామ్‌లో పావు వంతు దాకా హీప్ (ప్రోగ్రాం డేటా పెట్టుకునే చోటు) తీస్కుంటది. అది హీప్ ఒక్కటే, మెటాస్పేస్, జిట్ కోడ్, త్రెడ్ స్టాకులు దాని మీద ఎక్స్‌ట్రా. నేను ఎక్స్ఎంఎక్స్ (హీప్ హద్దు) 64ఎం, ఎక్స్ఎస్ఎస్ (ఒక్కో త్రెడ్ స్టాకు) 256కె పెట్టా, నా ప్రోగ్రాంకి అదే ఎక్కువ. జీసీ (వాడేసిన మెమరీని ఏరి ఖాళీ చేసేది) విషయానికొస్తే ఇంత చిన్న మెషిన్ చూస్తే జేవీఎం తనే సీరియల్ జీసీ ఎంచుకుంటది, అయినా రాసి పెట్టుకుంటే మనసు కుదుటగా ఉంటది. స్వాప్ (ర్యామ్ చాలకపోతే కార్డుని మెమరీలా వాడడం) పెంచుకుని బతుకుదాం అనుకోకండి, జీసీ హీప్ మొత్తం తిరిగొస్తది కాబట్టి ఎస్‌డీ కార్డు మీద స్వాప్ పడిందంటే ఇంక అయిపోయినట్టే, ర్యామ్‌లోనే డేటాని కుదించి పెట్టే జీరామ్ వాడుకోండి.

నేను చేసిన పెద్ద తప్పు చెప్తా, క్రాన్ (టైం ప్రకారం పనులు నడిపే లైనక్స్ టూల్)లో నిమిషానికోసారి కొత్తగా జావా లేపా. జేవీఎంకి నిద్ర లేవడమే బద్ధకం, క్లాసులన్నీ లోడ్ చేసుకుని కళ్ళు తెరిచేసరికి సెకన్లు పోతయి, బోర్డు పొద్దస్తమానం నూరు శాతం మీదే ఉండేది. ఒక్కటే ప్రాసెస్ పెట్టి, సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రాముల్ని ఎప్పుడూ నడిపి ఉంచేది) సర్వీస్ చేసి, లోపల నిద్రపోతూ లేస్తూ ఉండేలా రాయండి. స్టార్టప్ ఇంకా తగ్గాలంటే జావా 13 నుంచి ఆర్కైవ్ క్లాసెస్ ఎట్ ఎగ్జిట్ ఆప్షన్ ఉంది, ఒకసారి రన్ చేస్తే క్లాసులు ఫైల్‌లో దాస్తది, తర్వాత నుంచి ఆ ఫైల్ చూపించడమే.

సెన్సర్ దగ్గర కూడా జావా మన ఓపిక చూస్తది. శబ్దం పోయి రావడానికి సెంటీమీటరుకి దాదాపు 58 మైక్రోసెకన్లు, మధ్యలో జీసీ వచ్చినా లైనక్స్ ఇంకో పనికి తిరిగినా సంపు లోతు ఒక్కసారే మీటరు పెరిగినట్టు వస్తది. ఐదు రీడింగులు తీస్కుని వరసలో మధ్యది పట్టుకోండి, సగటు తీస్తే ఆ ఒక్క పిచ్చి రీడింగే అంతా పాడు చేస్తది.

ఇంక మన ఎండలు. మే నెలలో డబ్బా సంపు మూత పక్కనే పెట్టా, మధ్యాహ్నం అయ్యేసరికి బోర్డు నత్తనడక. బోర్డు పరిస్థితి చెప్పే వీసీజెన్‌కమాండ్‌తో గెట్ థ్రాటిల్డ్ అడిగితే సున్నా కాకుండా ఏదో నంబర్ ఇచ్చింది, అంటే ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో స్పీడ్ కోసుకుంది అని. అప్పటిదాకా పాపం జావానే తిట్టా, తీరా చూస్తే ఎండ వేడి, దానికి తోడు పాత ఫోన్ చార్జర్, పొడుగాటి సన్న కేబుల్. కోఠి గుజరాతీ గల్లీలో మంచి 5 వోల్టుల అడాప్టర్, పొట్టి కేబుల్ తెచ్చి డబ్బాని వాచ్‌మన్ గదిలో నీడకి మార్చా, ఇప్పుడు 0ఎక్స్0, అంటే సున్నా వస్తుంది.

అన్నట్టు అదే గల్లీలో 1కె, 2కె రెసిస్టర్లు కూడా తెచ్చుకోండి, మామూలు సెన్సర్ ఎకో పిన్ (శబ్దం తిరిగొచ్చిందని చెప్పేది) 5 వోల్టులు ఇస్తది, రాస్ప్‌బెర్రీ పై పిన్నుకి 3.3 దాటకూడదు. ఎకో నుంచి 1కె, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి 2కె, ఆ రెండూ కలిసిన చోటు నుంచి బోర్డు పిన్నుకి తీగ.